డీకేటీ పట్టా, రొయ్యల గుంట, ఒక వేలిముద్ర: నెల్లూరు జిల్లా కేసు ఒకటి

నా క్లయింట్ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఆమె పేరు, ఊరి పేరు, అవతలి వాళ్ల పేర్లు రాయను. నెల్లూరు జిల్లా తీరంలో బకింగ్‌హాం కాలవకి దగ్గర్లో ఉన్న ఒక గిరిజన కాలనీ అనుకుంటే చాలు. నేను చూసినంతలో హక్కుల కేసులు చాలావరకు వాదన దాకా రాకముందే ఓడిపోతున్నాయి. మొదటి రెండు మూడు నెలల్లో జరగాల్సిన కాయితం పని జరగదు, తర్వాత ఎంత పెద్ద లాయర్ వచ్చినా ఆ ఖాళీ పూడదు. ఆ పని చెయ్యాలంటే ఆ ఊరు, ఆ ఆఫీసులు, ఆ పంటలు తెలిసిన లాయర్ కావాలి. అయితే ఊళ్లో అందరూ తెలిసిన లాయర్‌కి అవతలి పార్టీ కూడా తెలిసే ఉంటాడు. ఈ కేసులో రెండూ జరిగాయి.

ఆమె యానాది. భర్త చనిపోయాడు, ఇద్దరు కొడుకులు. భర్త పేరు మీద ప్రభుత్వం ఎప్పుడో ఇచ్చిన ఎకరం చిల్లర డీకేటీ భూమి (పేదలకి సాగు కోసం ఇచ్చే అసైన్డ్ భూమి) ఉంది. నీళ్లు వస్తే వరి, రాకపోతే బీడు. మూడు వైపులా పొలాలు రొయ్యల గుంటలైపోయాయి. 2020 లాక్‌డౌన్‌లో కొడుకులు పనికి పోయిన చోటే ఇరుక్కుపోయారు. ఆ వేసవిలోనే పక్క గుంటల యజమాని పొక్లెయిన్ పెట్టి ఆమె కయ్య గట్లు తవ్వించి తన గుంటలో కలిపేసుకున్నాడు. అడగడానికి పోతే కట్ట మీద కులం పేరుతో తిట్టి పంపించాడు. స్టేషన్‌కి పోతే అది సివిల్ తగాదా, కోర్టులో చూసుకోమన్నారు.

నా దగ్గరికి రాకముందే ఇద్దరు లాయర్లు మారారు. ఒకాయన హైకోర్టులో ప్రాక్టీసు చేసే మంచి పేరున్న వకీలు. దూరపు బంధువెవరో పరిచయం చేస్తే ఆయన రిట్ (అధికారులు తమ పని చేసేలా చూడమని హైకోర్టుని అడిగే పిటిషన్) వేశారు. బాధితురాలి అర్జీని పరిశీలించి తగిన ఉత్తర్వులు ఇవ్వాలని తహసీల్దారుకి చెబుతూ కోర్టు రిట్‌ని ముగించింది. ఇలాంటి ఉత్తర్వు చేతికి రాగానే గెలిచామనుకుంటారు. నిజానికి అసలు పని అక్కడి నుంచే మొదలవుతుంది. సర్టిఫైడ్ కాపీ తీసుకుని, అర్జీకి జతచేసి, తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. గడువు దాటితే కోర్టు ధిక్కారం పిటిషన్ వెయ్యాలి. అమరావతిలో ఉన్న వకీలు ప్రతి వారం మండలాఫీసుకి రాలేరు కదా. ఆ ఉత్తర్వు ఆమె ట్రంకుపెట్టెలో అలాగే ఉండిపోయింది.

రెండో ఆయన దగ్గర్లోని కోర్టులోనే ప్రాక్టీసు. కాయితాలన్నీ తీసుకున్నారు, ఫీజులో కొంత తీసుకున్నారు, తర్వాత వాయిదాలు చెబుతూ పోయారు. గుంటల యజమాని కుటుంబం కేసులు కూడా ఆయనే చూస్తారని ఆమెకి చాలా ఆలస్యంగా తెలిసింది. వకాలత్ తీసుకునేటప్పుడే, అవతలి వాళ్లతో తనకి సంబంధముంటే క్లయింట్‌కి చెప్పి తీరాలని బార్ కౌన్సిల్ నియమాలు అంటాయి. ఆయన చెప్పలేదు. ఈ కేసు మొత్తంలో నాకు బాగా కోపం తెప్పించింది ఇదే.

ఫైలు వెనక్కి అడిగితే బాకీ ఫీజు కడితేనే ఇస్తానన్నారట. ఒరిజినల్ పట్టా అందులోనే ఉంది. ఇలాంటి చోట భయపడక్కర్లేదు. ఫీజు బాకీ ఉందని క్లయింట్ కాయితాలు పట్టిపెట్టుకునే హక్కు లాయర్‌కి లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చేసింది. ఫీజు రావాలంటే దానికి వేరే దారులున్నాయి. ఆ తీర్పు ప్రస్తావిస్తూ మర్యాదగా ఒక ఉత్తరం రాయించాం. కాయితాలు వచ్చాయి.

మొదటి మీటింగ్

నేను మొదట అడిగింది భూమి గురించి కాదు. "అమ్మా, మీ కుల ధృవీకరణ పత్రం ఉందా?" అని అడిగాను. లేదంది. కొడుకుల చదువు ఆగిపోవడంతో దాని అవసరమే పడలేదట. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద బాధితురాలు ఎస్టీ అని రుజువు కావడం పునాది. ఆ పత్రం సమయానికి దాఖలు కాక పోయిన కేసులు ఉన్నాయి. అందుకే ముందు ఆ దరఖాస్తు పెట్టించాం. నెల్లూరులో యానాదుల కోసం ఉన్న ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసుకి కూడా ఒక కాపీ పంపాం.

తర్వాత పేర్ల తంటా. ఆమె భర్త పేరు పట్టాలో ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా, ఆధార్‌లో మరోలా ఉంది. యానాది కుటుంబాల్లో ఇది ఇంటింటి సమస్య. పేరు రాసేది ఎప్పుడూ ఎదుటివాడే, వాడికి వినిపించినట్టు రాస్తాడు. మూడు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్, మరణ ధృవీకరణ, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ సంపాదించడానికి పట్టిన కాలం కేసు వెయ్యడానికి పట్టిన కాలం కన్నా ఎక్కువ. ఇలాంటి పనులు లాయర్ పని కాదనుకునే వాళ్లున్నారు. పేదవాళ్ల హక్కుల కేసులో సగం పని ఇదేనని నా నమ్మకం.

భూమి కాయితాల కోసం మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్ (భూమి ఎవరి సాగులో ఉందో చెప్పే రికార్డు), 1బి (ఎవరి పేరున ఉందో చెప్పే రికార్డు) చూశాం. అడంగల్‌లో అనుభవదారు గడిలో గుంటల యజమాని పేరు అప్పటికే ఎక్కేసింది. ఆన్‌లైన్‌లో పేరు మారిందని చాలామంది అక్కడే ఆశ వదులుకుంటారు. ఆ ఎంట్రీ ఒక్కటే భూమి మీద హక్కు ఇవ్వదు. మండలాఫీసులో అసైన్‌మెంట్ రిజిస్టర్, పాత అడంగళ్లు, ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) కాపీల కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టాం. రిజిస్టర్‌లో భర్త పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం శుభ్రంగా ఉన్నాయి.

ఇంకో సమాచార హక్కు దరఖాస్తు మత్స్యశాఖకి పెట్టాం. తీరప్రాంతంలో రొయ్యల గుంటలకి 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి, దరఖాస్తుతో పాటు భూమి కాయితాలు చూపించాలి. ఆయన ఏ కాయితం చూపించి ఉంటాడా అన్నదే నా ప్రశ్న. జవాబుగా వచ్చిన కట్టలో ఒక లీజు పత్రం ఉంది. ఆమె తన భూమిని ఇష్టపూర్వకంగా లీజుకి ఇచ్చినట్టు, కింద వేలిముద్ర.

ఆ కాయితం

ఆమెకి చూపించి అడిగాను. "నేనెప్పుడూ ఎయ్యలా అయ్యా. మా ఆయన పోయినప్పుడు పెన్షన్ ఇప్పిస్తామని ఒక తెల్ల కాయితం మీద, ఒక స్టాంపు కాయితం మీద యేపిచ్చుకున్నారు, అంతే" అంది.

కాయితాన్ని కిటికీ దగ్గర పెట్టి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. పైనుంచి వరుసలు విడివిడిగా, తీరిగ్గా టైపు అయ్యాయి. వేలిముద్ర దగ్గరికి వచ్చేసరికి చివరి నాలుగు వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా ఇరికించారు. అంటే ముద్ర ముందు, రాత తర్వాత. స్టాంపు పేపరు వెనకవైపు వెండర్ రాసిన నంబరు, అమ్మిన తేదీ, కొన్నవాళ్ల పేరు ఉంటాయి. కొన్నది ఆమె కాదు, గుంటల యజమాని దగ్గర పనిచేసే మనిషి. వెండర్ రిజిస్టర్‌తో సరిచూసుకున్నాం.

ఇదంతా పక్కన పెట్టినా, ఆ పత్రం నిజమైనదే అనుకున్నా, అది అవతలి వాళ్లకే దెబ్బ. ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం, 1977లో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. దానం, మార్పిడి, తనఖా, లీజు, ఇంకే లావాదేవీ అయినా అందులోకి వస్తుంది. ఆ బదలాయింపు చెల్లదు. సెక్షన్ 4 కింద తహసీల్దారు ఆక్రమణదారుని ఖాళీ చేయించి అసలు పట్టాదారుకో, వారసులకో భూమి తిరిగి ఇప్పించాలి. కాబట్టి ఆయన లీజుంది అంటే ఈ చట్టం, లేదు అంటే కబ్జా. మన పిటిషన్‌లో రెండు వైపులా తలుపు వేసేశాం.

అసైన్డ్ భూమి కేసుతో నా దగ్గరికి ఇప్పుడు వచ్చేవాళ్లని పట్టా తేదీ ముందు చూపించమంటాను. 2023లో ఈ చట్టాన్ని సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన వ్యవసాయ భూములకి బదలాయింపు హక్కులు ఇచ్చారు. మా కేసు అంతకుముందుది. ఆ సవరణ తర్వాత ఇలాంటి వేలిముద్ర కాయితాల విలువ పెరిగింది, కాబట్టి భయం కూడా పెరిగింది.

హైకోర్టు పాత ఉత్తర్వు కూడా ఇక్కడే పనికొచ్చింది. సెక్షన్ 4 అర్జీకి దాన్ని జతచేసి ఇచ్చాం. అవతలి వాళ్లు సివిల్ కోర్టుకి పోయి మనకి తెలియకుండా ఇంజంక్షన్ తెచ్చుకునే ప్రమాదం ఉంది, తీరంలో ఇది మామూలే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ కింద కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దనే ముందస్తు అర్జీ) వేశాం. దానికి ఆయుష్షు 90 రోజులు, అయిపోతే మళ్లీ వెయ్యాలి. వెయ్యడం మర్చిపోయే వాళ్లే ఎక్కువ.

ఎదురు కేసు

అర్జీ పెట్టిన కొద్ది రోజులకే ఆమె పెద్ద కొడుకు మీద దొంగతనం కేసు పెట్టారు. గుంటలో రొయ్యలు పట్టి అమ్ముకున్నాడట.

యానాది మీద దొంగతనం అంటే ఎవరూ రెండో ప్రశ్న అడగరు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని తెగల మీద పుట్టుకతోనే నేరస్తులన్న ముద్ర వేసింది, ఆ చట్టం 1952లో రద్దయింది. ఈ జిల్లా నుంచే వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసం జీవితమంతా పనిచేశారు. చట్టం పోయి ఇన్నేళ్లయినా స్టేషన్‌లో ఆ చూపు పోలేదు. ఆ కుర్రాణ్ని కూర్చోబెట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముందు అరెస్టు ఆపాలి. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో వెంటనే అరెస్టు చెయ్యడం మామూలు పద్ధతి కాకూడదని, ముందు నోటీసు ఇవ్వాలని సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు 2014లో చెప్పింది. అది చూపించి నోటీసు ఇప్పించుకున్నాం. ఇప్పుడైతే ఆ నిబంధన భారతీయ నాగరిక సురక్షా సంహితలో సెక్షన్ 35 కింద ఉంది.

తర్వాత ఫిర్యాదు చదివాను. దొంగతనం జరిగిందన్న తేదీ చూడగానే అనుమానం వచ్చింది. మత్స్యశాఖ నుంచి వచ్చిన కట్టలోనే హేచరీ బిల్లు కాపీ ఒకటి ఉంది. ఆ బిల్లు ప్రకారం ఫిర్యాదులో చెప్పిన తేదీకి సీడు (రొయ్య పిల్లలు) వదిలి పది రోజులు కూడా కాలేదు. వనామి రొయ్య పట్టుబడికి రావాలంటే దాదాపు మూడు నాలుగు నెలలు పడుతుంది. పది రోజుల పిల్లని పట్టి ఎవరికి అమ్ముతాడు? గుంటల మధ్య తిరిగిన వాళ్లకి ఇది చిన్న విషయం, బయటివాళ్లకి తట్టదు. బిల్లు జతచేసి డీఎస్పీకి రాతపూర్వకంగా ఇచ్చాం. దర్యాప్తు తర్వాత ఆ కేసు ఆధారాల్లేవని మూసేశారు.

ఎఫ్ఐఆర్, ఏ సెక్షన్లు

స్టేషన్‌లో తీసుకోని ఫిర్యాదుని స్పీడ్ పోస్ట్‌లో ఎస్పీకి పంపాం. నేరం జరిగిందని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి తీర్పు 2013లోనే చెప్పింది. అత్యాచారాల చట్టానికి 2018లో తెచ్చిన సెక్షన్ 18ఎ ప్రకారం ముందస్తు విచారణ కూడా అక్కర్లేదు. కావాలని ఎఫ్ఐఆర్ కట్టని అధికారి మీదే ఈ అత్యాచారాల చట్టం సెక్షన్ 4 కింద కేసు పెట్టొచ్చు. ఆ మాట ఉత్తరంలో మర్యాదగా, స్పష్టంగా రాశాం. ఎఫ్ఐఆర్ అయ్యింది. ఆ చట్టం కింది 1995 నిబంధనల్లో 7వ నిబంధన ప్రకారం దర్యాప్తు డీఎస్పీ హోదాకి తగ్గని అధికారి చెయ్యాలి. కింది స్థాయి అధికారి చేస్తే విచారణలో ఆ లోపాన్నే పట్టుకుంటారు. మా కేసులో వాంగ్మూలాలు ఎవరు నమోదు చేస్తున్నారో ప్రతిసారీ చూసుకున్నాం.

ఏ సెక్షన్ ముందు పెట్టాలన్నది నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. ఫిర్యాదులు సాధారణంగా తిట్టుతో మొదలవుతాయి. బాధ అక్కడే ఎక్కువ కాబట్టి అది సహజం. కానీ కులం పేరుతో దూషించడం నేరం కావాలంటే అది నలుగురికీ కనిపించే చోట జరగాలి. మా కేసులో గుంట కట్ట మీద అప్పుడున్నది ఆమె, ఆమె తోటికోడలు, అవతలి మనుషులు మాత్రమే. నాలుగు గోడల మధ్య జరిగిన దూషణ ఆ నేరం కిందికి రాదని, భూమి తగాదా ఉన్నంత మాత్రాన ఈ చట్టం వర్తించదని 2020లో హితేష్ వర్మ తీర్పు వచ్చింది. ఎదుటి లాయర్ దాన్ని తెస్తారని తెలుసు.

అందుకే ఫిర్యాదులో భూమిని ముందు పెట్టాం. సెక్షన్ 3(1)లోని ఎఫ్, జి క్లాజులు: ఎస్టీకి కేటాయించిన భూమిని అన్యాయంగా ఆక్రమించడం, అన్యాయంగా వెళ్లగొట్టడం. భూమి రికార్డులు కల్పించడం కూడా అన్యాయంగా అనే మాట కిందికి వస్తుందని ఆ చట్టంలోనే వివరణ ఉంది. ఆ ఇరికించిన నాలుగు వరుసలు నేరుగా అక్కడికి వచ్చి కూర్చున్నాయి. ఎవరి కులమో నాకు తెలియదనే వాదన కూడా రాలేదు, ఎందుకంటే కుటుంబం పరిచయమున్న నిందితుడికి కులం తెలుసనే కోర్టు అనుకోవాలని సెక్షన్ 8 చెబుతుంది.

ఎప్పుడు తవ్వారో చూపించడానికి ఉపగ్రహ చిత్రాలు వాడాం. 2019 నాటి చిత్రంలో ఆ సర్వే నంబరులో పచ్చటి కయ్య, తర్వాతి చిత్రంలో నీళ్లు. అప్పటి చట్టం ప్రకారం 65బి సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ ఆధారానికి ఇచ్చే ధృవీకరణ) జతచేశాం. అది లేకపోతే ఎంత స్పష్టమైన బొమ్మ అయినా పనికిరాదు.

ఫీజు, ప్రాసిక్యూటర్, రాజీ

అత్యాచారాల చట్టం కింద కేసు నడిపేది ప్రభుత్వం తరఫున స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్. బాధితులకి ఫీజు ఖర్చు లేదు. మరి సొంత లాయర్ ఎందుకు? సెక్షన్ 15ఎ ప్రకారం బెయిల్‌తో సహా ప్రతి విచారణకీ బాధితురాలికి ముందుగా తెలియజెయ్యాలి, ఆమె మాట వినాలి. ఆ హక్కు వాడుకోవాలంటే పక్కన మనిషి ఉండాలి. ముందస్తు బెయిల్‌కి సెక్షన్ 18 అడ్డు ఉన్నా అవతలి వాళ్లు ప్రయత్నించారు. మనం కౌంటర్ వెయ్యకపోతే ఏమయ్యేదో చెప్పలేను. ప్రభుత్వ ప్రాసిక్యూటర్ కాకుండా ఫలానా సీనియర్ అడ్వకేట్ కావాలని బాధితులు కోరితే కలెక్టర్ నియమించే వీలు 1995 నిబంధనల్లోనే ఉంది, ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది. ఈ సంగతి తెలిసిన బాధితులు చాలా తక్కువ.

సొంత లాయర్‌కి డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 కింద ఎస్సీలు, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్‌కి అర్హులు. 15100కి ఫోన్ చేసినా చాలు. అత్యాచారాల ఫిర్యాదులకి 14566 వేరే ఉంది. ఉచితంగా వచ్చే లాయర్ మనసు పెట్టి చెయ్యరని ఒక మాట ఉంది. నేను చూసినంతలో కొందరు చెయ్యరు, కొందరు ప్రాణం పెట్టి చేస్తారు. ఫీజు తీసుకునే మాలో కూడా అంతే.

ఫీజు మాట్లాడేటప్పుడు వచ్చే నష్టపరిహారంలో వాటా ఇవ్వమనే లాయర్ దగ్గర నుంచి లేచి వచ్చెయ్యండి. అలా అడగడం బార్ కౌన్సిల్ నియమాలకి విరుద్ధం. 2016లో సవరించిన నిబంధనల ప్రకారం భూమి నుంచి వెళ్లగొట్టిన కేసుల్లో బాధితులకి లక్ష రూపాయలు వస్తాయి: ఎఫ్ఐఆర్ దగ్గర 25 శాతం, చార్జిషీటు వెయ్యగానే 50, శిక్ష పడ్డాక 25. అందులో వాటా తీసుకున్న వాళ్లున్నారని విన్నప్పుడల్లా బాధేస్తుంది.

మధ్యలో పెద్దమనుషులు రాజీకి వచ్చారు. భూమి వదిలేస్తే డబ్బిస్తామన్నారు, ఊళ్లో బతకాలి కదా అన్నారు. రాజీ వద్దని నేనెప్పుడూ చెప్పను, ఆ ఊళ్లో ఉండేది వాళ్లు. భూమి ఆమె పేరు మీద ఉంటుందా, కొడుకు మీద కేసు పోతుందా, ఇవి రెండూ రాతలో ఇస్తారా అని అడిగి రమ్మన్నాను. రాతలో ఇవ్వలేమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. "నా బిడ్డని దొంగన్నారు సార్, డబ్బులు తీసుకుంటే నిజమేననుకుంటారు" అంది.

ఎంత కాలం పడుతుందని అడిగే వాళ్లకి కారంచేడు చెబుతాను. అప్పటి ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. 1985 జూలై 17న ఆరుగురు దళితులని చంపిన కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు 2008లో వచ్చింది. బొజ్జా తారకం గారి లాంటి లాయర్లు ఆ ఉద్యమంలో నిలబడ్డారు. 1989 నాటి అత్యాచారాల చట్టం వెనక కారంచేడు లాంటి ఊళ్ల రక్తం ఉంది. లాయర్‌ని పెట్టుకునేటప్పుడు ఈయన ఎన్నాళ్లు నాతో నడుస్తాడు, ఈయన లేనప్పుడు ఆఫీసులో నా ఫైలు ఎవరు చూస్తారు అని మొహమాటం లేకుండా అడగాలి.

ఏమైంది

తహసీల్దారు సర్వేయర్‌ని పెట్టి కొలిపించి, పంచనామా రాయించి, భూమి ఆమెకి అప్పగిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఆర్డీవో దగ్గర అవతలి వాళ్ల అప్పీలు నిలబడలేదు. నెల్లూరు స్పెషల్ కోర్టు దూషణ నేరాన్ని కొట్టేసింది, ఊహించిందే. భూమి క్లాజుల కింద శిక్ష వేసింది. అత్యాచారాల చట్టం సెక్షన్ 14ఎ కింద వాళ్లు హైకోర్టుకి వెళ్లారు, శిక్ష నిలిపివేశారు, అప్పీలు పెండింగ్. అక్కడ వాదించమని మొదట రిట్ వేసిన వకీలునే అడిగాం, ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. ఇక్కడి రికార్డు నేను పంపుతాను, అక్కడ ఆయన చూసుకుంటారు.

నష్టపరిహారంలో మొదటి వాయిదా ఆలస్యంగా వచ్చింది, రెండోది కలెక్టరేట్‌లో అర్జీ పెట్టాక వచ్చింది. భూమి మాత్రం చౌడెక్కింది. ఉప్పునీళ్లు నిలిచిన కయ్యలో వరి మొలక పసుపు పచ్చగా మారి చచ్చిపోతోంది. అవసరమైతే ప్రభుత్వ ఖర్చుతో భూమిని తిరిగి అప్పగించాలని ఆ నష్టపరిహారం నిబంధనల్లోనే ఉంది. కట్టలు తీసి చదును చేసి జిప్సం వేసి ఇస్తేనే అప్పగించినట్టని మా వాదన. వ్యవసాయశాఖ మట్టి పరీక్ష రిపోర్టు జతచేసి ఆ అర్జీ కలెక్టర్‌కి ఇచ్చాం, రసీదు నంబరు ఆమె దగ్గర ఉంది. జవాబు రాకపోతే ఈసారి రిట్ భూమి చదును కోసమే వేస్తాం.